మూసీ మడుగు మీద మీథేన్ డబ్బా: ప్రాజెక్టు డైరీ

కేతేపల్లి దిక్కు మూసీ ఒడ్డున, కత్వకు (నదికి అడ్డంగా కట్టిన కట్టకు) కొంచెం కింద, ఒక పక్క మడుగు ఉంది. వాన తగ్గాక కూడా నీళ్లు నిలుస్తాయి. ఒక పక్క జమ్ము, ఒక పక్క గుర్రపు డెక్క, మధ్యలో నల్లటి నీళ్లు. ఆ నీళ్లలోంచి బుడగలు వస్తూనే ఉంటాయి. ఆ బుడగల్లో మీథేన్ (గాలిలో చేరి వేడి పెంచే గ్యాసు) ఎంత, చదరపు మీటరుకు గంటకు ఎన్ని మిల్లీగ్రాములు గాలిలోకి పోతోంది అన్నది కొలవడమే పని. నేను సెల్‌ఫోన్ రిపేరు షాపు నడుపుతాను. టంకం పని, సర్క్యూటు పని వచ్చు. గ్యాసు కొలవడం మాత్రం కొత్త.

ఇలాంటిదే చేయాలనుకునేవాళ్లు ముందు ఇది చదివితే కనీసం రెండు నెలలు మిగులుతాయి. నాలుగు నెలల్లో 68 కొలతలు తీశాను, అందులో పనికొచ్చినవి 34.

## దశ 1: ఆగస్టు. చౌక సెన్సర్, 14 కొలతలు, పనికొచ్చింది సున్నా

నీళ్ల మీద డబ్బా బోర్లిస్తే పైకి వచ్చే గ్యాసు లోపలే చిక్కుతుంది, అది ఎంత పెరిగిందో సెన్సర్ చూస్తుంది. మొదటి డబ్బా ఇలా కట్టాను:

1. మూతి లోపలి వ్యాసం 38 సెం.మీ. ఉన్న ప్లాస్టిక్ టబ్బును బోర్లించాను. అంచు నీళ్లలో 3 సెం.మీ. మునిగేలా చుట్టూ సైకిల్ ట్యూబు కట్టాను.
2. టబ్బు అడుగున, అంటే ఇప్పుడు పైకప్పున, లోపలివైపు ఎంక్యూ-4 గ్యాసు సెన్సర్, ఆర్డుయినో నానో (రీడింగులు తీసుకునే చిన్న కంట్రోలర్ బోర్డు), ఎస్‌డీ కార్డు బోర్డు పెట్టాను.
3. వైర్లు దూరిన రంధ్రాలన్నీ ఎం-సీల్‌తో మూశాను.

మొదటి రోజు 20 నిమిషాల్లో 412 పీపీఎం పెరిగింది (పీపీఎం అంటే పది లక్షల భాగాల గాలిలో ఒక భాగం). 14 సార్లు పెట్టాను, ప్రతిసారీ 300 నుంచి 450 మధ్యలోనే. ఒక సహజమైన మడుగు ఇంత ఒకే తీరుగా ఉంటుందా అని అనుమానం వచ్చింది. ఇంటికొచ్చి అదే డబ్బాను బోరు నీళ్లు పోసిన పెద్ద బేసిన్ మీద బోర్లించాను. 20 నిమిషాల్లో 388 పీపీఎం చూపించింది. బోరు నీళ్లలో మీథేన్ ఎక్కడిది? అంటే ఆగస్టు నెలంతా నేను కొలిచింది గాలిలోని తేమను.

ఎంక్యూ-4 పని తీరే అంత. టిన్ ఆక్సైడు పొరను హీటర్‌తో వేడి చేస్తారు, గ్యాసు తగిలితే దాని నిరోధకత మారుతుంది. తేమ తగిలినా మారుతుంది, వేడి మారినా మారుతుంది. పైగా అది వంటింట్లో గ్యాసు లీకయితే మోగే అలారం కోసం చేసినది, కొన్ని వందల పీపీఎం దాటితేనే దానికి సరిగ్గా తెలుస్తుంది. బయటి గాలిలో మీథేన్ దాదాపు 1.9 పీపీఎం. అక్కడి నుంచి పది, ఇరవై పీపీఎం పెరుగుదలను పట్టుకోవాలన్నది నా అవసరం. దానికి ఈ సెన్సర్ చాలదు. దాని హీటరు కూడా 900 మిల్లీవాట్ల దాకా తింటుంది, ఆ వేడి డబ్బాలోనే ఉండిపోతుంది. నల్ల టబ్బు కావడంతో మధ్యాహ్నం లోపల 47 డిగ్రీలు.

ఖర్చు: సెన్సర్ 220, నానో 380, ఎస్‌డీ బోర్డు 90, బ్యాటరీలు 450, టబ్బు 260, చిల్లర సామాను 300. మొత్తం 1,700 రూపాయలు.
కొలతలు: 14. పనికొచ్చినవి: 0.

డబ్బా ఏదైనా, మడుగు దగ్గరికి తీసుకుపోయే ముందు మామూలు నీళ్ల మీద బోర్లించి చూడండి. నేను దాన్ని ‘బేసిన్ పరీక్ష’ అంటున్నాను. ఇప్పుడు ప్రతి ఆదివారం చేస్తున్నాను.

## దశ 2: సెప్టెంబర్. కొత్త సెన్సర్, గోబర్ గ్యాసుతో క్యాలిబ్రేషన్

మార్చినవి, కారణాలు:

1. ఎంక్యూ-4 తీసేసి టీజీఎస్ 2611 పెట్టాను. ఇదీ టిన్ ఆక్సైడు సెన్సరే, కానీ మీథేన్‌కు బాగా స్పందిస్తుంది, హీటరుకు 280 మిల్లీవాట్లు చాలు.
2. పక్కనే బీఎంఈ280 పెట్టాను. వేడి, తేమ, వాయుపీడనం మూడూ అదే ఇస్తుంది. బేసిన్ పరీక్ష ఆరు వేర్వేరు వేళల్లో చేసి, తేమ పెరిగితే సెన్సర్ ఎంత కదులుతుందో గీత గీసుకున్నాను. అసలు కొలతలోంచి ఆ కదలికను తీసేస్తాను.
3. టబ్బు మీద వంటింటి అల్యూమినియం ఫాయిల్ చుట్టాను. లోపలి వేడి 36 డిగ్రీలకు దిగింది.
4. గాలి కలవడానికి మొదట పాత కంప్యూటర్ ఫ్యాన్ పెట్టాను. అది నీటి మీద అలలు లేపింది. నీటిపొర కదిలితే కరిగి ఉన్న గ్యాసు ఎక్కువగా పైకి వస్తుంది, అంటే కొలిచే పనిముట్టే లెక్కను పెంచుతుంది. దాన్ని తీసి 40 మి.మీ. ఫ్యాన్ పెట్టాను, నిమిషానికి 10 సెకన్లు మాత్రమే తిరుగుతుంది.
5. రెండు మీటర్ల సెలైన్ పైపు ఒకటి బయటికి వదిలాను. డబ్బా పెట్టేటప్పుడు లోపలి గాలి నొక్కుకుపోకుండా.

క్యాలిబ్రేషన్ దగ్గర, అంటే తెలిసినంత గ్యాసు ఎక్కించి సెన్సర్ అంకెతో సరిపోల్చుకునే దగ్గర, పది రోజులు పోయాయి. ల్యాబుల్లో వాడే లెక్క తెలిసిన గ్యాసు సిలిండరు నాకు అందే ధర కాదు. వంటగ్యాసు ఉంది కదా అని సిరంజితో తీసి ఎక్కించాను. అది తప్పు. వంటగ్యాసులో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్. వాటికి సెన్సర్ ఇచ్చే స్పందన వేరు, ఆ గీత మీథేన్‌కు పనికిరాదు. ఆ రాతలన్నీ కొట్టేశాను.

మా మేనత్త వాళ్లింట్లో గోబర్ గ్యాసు ప్లాంటు ఇప్పటికీ నడుస్తోంది. అందులో సగానికి పైగా మీథేన్, మిగతాది చాలావరకు కార్బన్ డయాక్సైడు. ఆ రెండో దాన్ని తీసేస్తే చాలు:

1. పైపును రెండు నిమిషాలు ఊరికే వదలండి. నా మొదటి సిరంజిలో పైపులో ఉన్న మామూలు గాలే వచ్చింది.
2. 50 మి.లీ. గ్యాసు సిరంజిలో తీసుకుని త్రీ-వే కాక్ (మూడు దారుల చిన్న కుళాయి) బిగించండి. మెడికల్ షాపులో దొరుకుతుంది.
3. ఇంకో సిరంజితో కాస్టిక్ సోడా నీళ్లు 10 మి.లీ. అందులోకి ఎక్కించి మూడు నిమిషాలు ఊపండి. చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. కాస్టిక్ సోడా చర్మాన్ని కాలుస్తుంది.
4. నాకు 50లో 29 మి.లీ. మిగిలింది. అంటే ఆ గ్యాసులో 58 శాతం. మిగిలిన దాన్ని మీథేన్‌గా తీసుకున్నాను.

డబ్బాలో నీటికి పైన ఉన్న జాగాను లీటరు లోటాతో నీళ్లు పోసి కొలిచాను, 14 లీటర్లు. అందులోకి 1 మి.లీ. మీథేన్ ఎక్కిస్తే 71 పీపీఎం. 2 మి.లీ. అయితే 143, 5 మి.లీ. అయితే 357. బేసిన్ మీద ఉంచి 22 సార్లు చేశాను. నా డబ్బాలో 5 పీపీఎం కన్నా చిన్న తేడాను నమ్మకూడదని తేలింది.

పని చేసేది ఆరుబయటే. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వకు పేలుతుంది. డబ్బాలోకి పోయేది అందులో వందో వంతు కూడా కాదు, కానీ ప్లాంటు పైపు దగ్గర అజాగ్రత్త పనికిరాదు.

ఖర్చు: ఈ దశకు 2,600. ఇప్పటిదాకా 4,300.
మడుగు కొలతలు: కొత్తవి లేవు, ఇప్పటికీ 14. పనికొచ్చినవి ఇప్పటికీ 0.

## దశ 3: అక్టోబర్. కాళ్ల కింది బుడగలు

క్యాలిబ్రేషన్ అయిన డబ్బాతో మడుగులోకి దిగాను. మోకాలి పైదాకా నీళ్లు, అడుగున జానెడు మెత్తటి బురద. డబ్బా పెట్టి పక్కనే నిలబడ్డాను. 20 నిమిషాల్లో 640 పీపీఎం. బేసిన్ పరీక్ష మళ్లీ చేశాను, సెన్సర్ తప్పు లేదు. తొమ్మిది సార్లు కొలిచాను, అన్నీ వందల్లోనే. ఈసారి నిజంగా మీథేనే. ఇంత ఎక్కువ వస్తోందంటే భయం కూడా వేసింది.

ఆ మడుగులో తెప్ప మీద తిరుగుతూ చేపలు పట్టే పెద్దాయన ఒకాయన ఉన్నాడు, నేను మామా అని పిలుస్తాను. మూడు రోజులు ఒడ్డు మీది నుంచి చూశాడు. నాలుగో రోజు అడిగాడు: “అల్లుడా, ఆ బుడగలు నీ కాళ్ల కిందికెల్లి వస్తున్నయి. బురద తొక్కితే రాక ఏమైతయి? నువ్వు కొలిచేది మడుగునా, నీ అడుగులనా?”

ఆ మాటతో ఆ తొమ్మిది కొలతలూ పోయాయి. బురదలో గాలి ఆడదు. ఉన్న ఆక్సిజన్ అయిపోయాక, నైట్రేటు, ఇనుము, సల్ఫేటు కూడా వాడుకున్నాక, చివరికి మిగిలిన కుళ్లు మీద బతికే సూక్ష్మజీవులు మీథేన్ చేస్తాయి. అది నీళ్లలో పెద్దగా కరగదు, బురదలోనే చిన్న చిన్న బుడగలుగా ఇరుక్కుని ఉంటుంది. నేను వేసిన ప్రతి అడుగూ వారం రోజుల నిల్వను ఒక్కసారిగా వదిలేసింది. అనంతగిరి కొండల్లో పుట్టి హైదరాబాద్ మురుగును మోసుకుని వచ్చే నది ఇది. కుళ్లడానికి దీని బురదలో కావలసినంత ఉంటుంది.

తెప్ప మీద పోయి పెడదామంటే తెడ్డు తగిలినా, లంగరు రాయి దించినా అదే కథ. చివరికి ఇలా మార్చాం:

1. మడుగుకు రెండు వైపులా ఒడ్డు మీద వెదురు గుంజలు పాతాం. నీళ్లలో ఏదీ పాతలేదు.
2. పాత బావి గిలకలు రెండు గుంజలకు కట్టి, మధ్యలో నైలాన్ తాడు తిప్పాం.
3. డబ్బాను ఆ తాడుకు కట్టి, ఒడ్డు మీద నిలబడి నెమ్మదిగా లాగుతాం. కావలసిన చోటికి చేరాక పది నిమిషాలు ఆగి, అప్పుడు కొలత మొదలు.
4. కొలతకు కొలతకు మధ్య, డబ్బాను ఒడ్డుకు లాగి తిరగేసి గాలి మారుస్తాం.

ఈ పద్ధతిలో 60 నిమిషాలకు 93 పీపీఎం. నిమిషాల లెక్కన చూస్తే నా కాళ్లతో వచ్చిన దాంట్లో ఇరవయ్యో వంతు.

లెక్క కట్టే తీరు: డబ్బా నీటి మీద ఆక్రమించే వైశాల్యం 0.1134 చ.మీ., గాలి 0.014 ఘనపు మీటర్లు. పీడనం 978 హెక్టోపాస్కల్స్, వేడి 30 డిగ్రీలు ఉన్నప్పుడు ఒక ఘనపు మీటరు మీథేన్ దాదాపు 623 గ్రాములు తూగుతుంది. వీటన్నిటినీ కలిపితే నా డబ్బాలో 1 పీపీఎం పెరుగుదల అంటే చదరపు మీటరుకు 0.077 మి.గ్రా. మీ టబ్బు కొలతలు వేరైతే ఈ అంకె మారుతుంది, నాది వాడకండి. గంటకు 93 పీపీఎం అంటే 7.2 మి.గ్రా.

ఇంకొకటి ఎస్‌డీ కార్డులోని గ్రాఫు చూశాకే అర్థమైంది. ఆ 93 ఒకే తీరుగా పెరగలేదు. మెల్లగా పాకింది 21 పీపీఎమే. మిగతా 72 మూడు మెట్లుగా, ఒక్కోటి ఒక్క నిమిషంలో ఎగిరింది. ఒక్కో మెట్టు ఒక బుడగ, లేదా ఒక బుడగల గుంపు. చివరి అంకె మాత్రమే రాసుకుని ఉంటే ఇది తెలిసేది కాదు. ప్రతి 5 సెకన్లకు ఒక రీడింగు సేవ్ చేయండి.

ఖర్చు: వెదురు, తాడు, గిలకలు 650. ఇప్పటిదాకా 4,950.
కొలతలు: 14 + 9 + 12 = 35. పనికొచ్చినవి: తాడుతో తీసిన 12లో 11. ఒకసారి తాడుకు గుర్రపు డెక్క చుట్టుకుని డబ్బా ఒరిగింది.

## దశ 4: నవంబర్. బుడగలకు వేరే ఉచ్చు

బుడగ ఎప్పుడొస్తుందో చెప్పలేం. గంట సేపు డబ్బా పెడితే ఒకరోజు మూడు, ఒకరోజు ఒక్కటీ రాదు. వాటికి రోజంతా కాపలా ఉండేది వేరే కావాలి.

1. పగిలిన 20 లీటర్ల వాటర్ క్యాన్ పైభాగం కోశాను. అడుగు వ్యాసం 27 సెం.మీ., వైశాల్యం 0.0573 చ.మీ. అదే గరాటు.
2. మూతిలో రబ్బరు కార్కు, దానికి త్రీ-వే కాక్, దాని మీద నీళ్లతో నింపిన 60 మి.లీ. సిరంజి.
3. మొత్తం నీళ్లలో ముంచి, లోపల గాలి లేకుండా చూసి, ఖాళీ సీసాలు కట్టి తేలనిచ్చాను. తాడుకే కట్టాను.
4. పైకి వచ్చిన బుడగ గరాటులో పడి సిరంజిలోకి చేరి నీటిని కిందికి తోస్తుంది. రోజూ ఉదయం 7 గంటలకు ఎన్ని మి.లీ. వచ్చిందో చూసి తీసేయాలి.

ఎక్కువ రోజులు వదిలేస్తే సిరంజిలోని మీథేన్ కొంత మళ్లీ నీళ్లలోకి కరిగిపోతుంది. రోజూ తీయడం అందుకే.

ఇక్కడ నేను చేసిన తప్పు లెక్క మార్చేసేంత పెద్దది. గోబర్ గ్యాసుకు చేసినట్టే ఈ బుడగల గ్యాసుకు కూడా కాస్టిక్ సోడా పరీక్ష పెట్టాను. 40 మి.లీ.లో 38 మిగిలింది. 95 శాతం మీథేన్ అని రాసేసుకున్నాను. కానీ మడుగు బుడగలో కార్బన్ డయాక్సైడు ఎక్కువ ఉండదు, అది ముందే నీళ్లలో కరుగుతుంది. మీథేన్‌కు తోడుగా ఉండేది నైట్రోజన్. కాస్టిక్ సోడా నైట్రోజన్‌ను ఏమీ చేయదు. సరిచూద్దామని ఆ గ్యాసు 1 మి.లీ. బేసిన్ మీది డబ్బాలోకి ఎక్కించాను. స్వచ్ఛమైన మీథేన్ అయితే 71 చూపాలి, 44 చూపింది. అంటే 62 శాతం. మొదటి అంకెనే ఉంచి ఉంటే సగానికి సగం ఎక్కువ చెప్పేవాణ్ణి.

అగ్గిపుల్లతో కూడా చూశాం. ఒడ్డు మీద, గాలి లేని సాయంత్రం, 10 మి.లీ. మాత్రమే. నీలి మంట ఒక్క క్షణం వెలిగి ఆరింది. 1776లో అలెస్సాండ్రో వోల్టా ఇటలీలోని మాజొరే సరస్సు అంచున బురద కదిలించి, బోర్లించిన సీసాలో పట్టింది ఇదే గ్యాసు. ఆ తర్వాత దాన్ని వెలిగించి చూశాడు కూడా. మామ పక్కనే ఉన్నాడు. తన చిన్నప్పుడు ఈ మడుగులో బుడగలు ఇంతగా లేవన్నాడు. అది నేను కొలవగలిగేది కాదు కానీ రాసిపెట్టాను.

మూడు గరాట్లు, 9 రోజులు, 27 రీడింగులు. నాలుగు పోయాయి: ఒకటి బర్రె తగిలి ఒరిగింది, ఒకటి కాక్ కారింది, రెండు నిండి పొంగాయి. మిగిలిన 23 సగటు రోజుకు 17 మి.లీ. దాన్ని మీథేన్ బరువులోకి మార్చితే చదరపు మీటరుకు గంటకు 4.8 మి.గ్రా. డబ్బాతో మెల్లగా పాకే భాగం సగటున 1.6. రెండూ కలిపి 6.4. అందులో నాలుగింట మూడు వంతులు బుడగలవే.

ఆ రెండు నిండిన సిరంజిల గురించి. నవంబర్ 19 రాత్రి ఎగువన నీళ్లు తగ్గించారు. పొద్దున్నే నీటి కొలత కర్ర మీద 18 సెం.మీ. దిగి ఉంది. రెండు సిరంజిలూ 60 దాటి నిండి, గ్యాసు కింది నుంచి బయటికి పోయింది. బురద మీద నీటి బరువు తగ్గితే లోపలి బుడగలు ఉబ్బి, పట్టు వదిలి పైకి వస్తాయి. 18 సెం.మీ. నీళ్లంటే దాదాపు 18 హెక్టోపాస్కల్స్. వాయుగుండం వచ్చినప్పుడు నా బీఎంఈ280 చూపించిన వాయుపీడనం తగ్గుదల 8. అంటే నీళ్లు దిగిన ఆ ఒక్క రాత్రి దానికి రెండింతల పని చేసింది.

ఆ రాత్రి లెక్క నా దగ్గర లేదు. అందుకే 6.4 అన్న అంకె తక్కువ వైపే ఉంది. అన్నిటికన్నా ఎక్కువ వచ్చిన రోజే అందులో చేరలేదు. ఎవరైనా ఈ అంకె వాడుకుంటే ఈ వాక్యంతో కలిపే వాడాలని నా విన్నపం.

ఎకరానికి లెక్కేస్తే రోజుకు దాదాపు 620 గ్రాముల మీథేన్. నూరేళ్ల లెక్కలో మీథేన్ ఒక కిలో దాదాపు 28 కిలోల కార్బన్ డయాక్సైడుతో సమానంగా వేడి పెంచుతుంది కాబట్టి, ఎకరానికి రోజుకు 17 కిలోలు. దీన్ని 365తో గుణించకండి. ఎండాకాలం ఈ మడుగు సగం ఎండుతుంది, ఇవి రెండు నెలల కొలతలే.

అమెజాన్, కాంగో, దక్షిణ సూడాన్‌లోని సుద్ద్ లాంటి నదీ చిత్తడుల మీథేన్‌ను ఉపగ్రహాలు పైనుంచి చూస్తున్నాయి. 2021లో గాలిలో మీథేన్ దాదాపు 18 పీపీబీ (పీపీఎంలో వెయ్యో వంతు ఒక పీపీబీ) పెరిగింది. 1983లో క్రమబద్ధమైన కొలతలు మొదలయ్యాక అంత పెరుగుదల అంతకు ముందు లేదు. అందులో ఉష్ణమండలపు చిత్తడి నేలల వాటా పెద్దదని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. ఆ సుద్ద్ ముందు మా మడుగు ఒక చుక్క. కానీ బురద ఒకే తీరుగా పని చేస్తుంది, నీళ్లు దిగిన రాత్రి అక్కడా ఇక్కడా బుడగలు లేస్తాయి. నెలకో రోజు పగటి పూట వచ్చి కొలుచుకుపోతే ఆ రాత్రి ఎవరి లెక్కలోకీ రాదు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

ఖర్చు: 380 (క్యాన్లు ఊరికే దొరికాయి). ఇప్పటిదాకా 5,330.
కొలతలు: 62. పనికొచ్చినవి: 34.

## దశ 5: డిసెంబర్. జమ్ము దగ్గర ఆగిపోయాను

జమ్ము కాడల్లో గాలి గొట్టాలు ఉంటాయి. వేళ్లకు గాలి పంపేది వాటితోనే, అదే దారిలో బురదలోని మీథేన్ బయటికి వస్తుంది. ఎండెక్కే కొద్దీ ఆకుల్లో ఒత్తిడి పెరిగి ఈ రాకపోకలు జోరందుకుంటాయి.

మొదట టబ్బు పట్టడం కోసం కాడలను నీటికి పైన కోశాను. అలా కోస్తే ప్రతి మొదలూ పొగ గొట్టమే, గ్యాసు తిన్నగా పైకి. కొలత చెల్లదు. నీటి కింద కోస్తే గొట్టాలు నీటితో నిండి దారి మూసుకుపోతుంది, అదీ చెల్లదు. కోయకుండా కొలవాలి.

పీవీసీ పైపులతో 50 × 50 సెం.మీ., ఎత్తు 1.6 మీ. చట్రం కట్టి, తెల్ల పాలిథిన్ కవరు తొడిగాను. లోపల 400 లీటర్ల గాలి. ఇందులో 1 పీపీఎం పెరగాలంటేనే చదరపు మీటరుకు దాదాపు 1 మి.గ్రా. రావాలి. గంటకు 12 మి.గ్రా. వచ్చినా అరగంటలో పెరిగేది 6 పీపీఎం, నా సెన్సర్ నమ్మకపు హద్దు 5. రెండు గంటలు ఉంచితే లోపల 46 డిగ్రీలు, ఆకులు వాడిపోయాయి. ఆరు సార్లు ప్రయత్నించాను, ఒక్కటీ రాయదగింది లేదు. ఈ సెన్సర్‌తో జమ్ము కొలవడం కుదరదు, మీరూ దీని మీద డబ్బు పెట్టకండి. పైన చెప్పిన 6.4 తెరిచి ఉన్న నీళ్లకు మాత్రమే.

ఖర్చు: 1,120. మొత్తం 6,450.
కొలతలు: 68. పనికొచ్చినవి: 34.

## డిసెంబర్ 14

60 మి.లీ. సిరంజిలు తీసేసి 250 మి.లీ. సెలైన్ సీసాలు తలకిందులుగా బిగించాను, గీతలు దాని మీదే ఉంటాయి. కాక్‌లన్నిటినీ బకెట్‌లో రాత్రంతా ముంచి చూశాను, ఒకటి కారింది, మార్చాను. మడుగులో చేయి పెట్టేటప్పుడు తొడుగులు, బూట్లు వేసుకోండి, ఈ నీళ్లు తగిలితే నాకు దురద తగ్గడానికి వారం పట్టింది.

యాసంగి నాట్లకు నీళ్లు వదిలి, మళ్లీ ఆపుతారు. ఆపే రోజు ముందుగా తెలిస్తే ఫోన్ చేస్తానని మామ అన్నాడు. ఆ సాయంత్రమే మూడు సీసాలూ దించి, రాత్రి ప్రతి రెండు గంటలకు చూడాలి. టార్చి, నోట్‌బుక్కు, మార్చడానికి ఇంకో ఆరు సీసాలు సంచిలో పెట్టి గుమ్మం పక్కనే ఉంచాను.